పద్నాలుగో ఫారం

"అబద్ధం! ఈ పుస్తకం నువ్వు చదవలేదు బైండరమ్మా."

మాస్టారు పెన్నుకి మూత పెట్టేశారు. మూత పడిందంటే సంతకం లేనట్టే.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ముప్ఫై ఏళ్ళు బైండింగు షాపులో పుస్తకాలు కుట్టింది. ఒక్కదాన్నీ తెరిచి రెండు లైన్లు చదివిన పాపాన పోలేదు. కిందటేడు మిషను వచ్చి షాపు మూతపడ్డాక, లైబ్రరీలో సహాయకురాలి ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి వచ్చింది. లైబ్రరీ కమిటీ పెద్ద ఈ మాస్టారే. కాలేజీలో సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఆమెని చూసి నవ్వారు.

"కుట్టడం వేరు, చదవడం వేరు. ఏడాదిలో నలభై పుస్తకాలు చదివి ఒక్కో కథా నాకు ఒప్పజెప్పి సంతకం పెట్టించుకో. ఇరవై పాతవి, ఇరవై కొత్తవి. అప్పుడు చూద్దాం."

"చూద్దాం కాదు, ఇస్తానని చెప్పండి."

"అబ్బో! సరే, ఇస్తాను."

ఆమె అక్కడికక్కడే నోటుబుక్కు తీసి పుస్తకాల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఎడమచేతి వాటమా? పేజీలు కూడా వెనక నుంచి తిప్పుతావేమో!"

"షాపులోనూ ఇలాగే ఏడిపించేవాళ్ళు లెండి. వాళ్ళందరిలో ఎడమచేతి వాటం నా ఒక్కదానిదే" అంది, తలెత్తకుండా.

ఉద్యోగంతో పాటు లైబ్రరీ వెనక గది కూడా ఇస్తారు. ఆమెకి కావలసింది ఆ గది. అన్నయ్య ఇంట్లో ఒక మూల సర్దుకుంటున్న మనిషి, కూతుర్ని ఎక్కడికి రమ్మంటుంది?

మూడేళ్ళ కిందట ఆ పిల్ల వాచిన చెంపతో, ఒక్క పెట్టెతో అత్తారింటి నుంచి వచ్చింది. రెండు రోజులుంది. మూడో రోజు పెట్టె సర్దుకుంది.

"ఉండవే" అంది తల్లి.

"ఎక్కడుండనమ్మా? అయినా కాలేజీలో మాకు చెప్పిన నవల్లో కూడా ఆవిడ చివరికి మొగుడి ఇంటికే తిరిగొస్తుంది. ఆ పాఠం చెబుతూ మాస్టారు ఏడ్చేశారు తెలుసా?"

ఆ నవలే ఈ నలభయ్యోది. కావాలనే ఆఖరికి ఉంచుకుంది. నిన్న పూర్తి చేసింది. చేసినప్పటి నుంచీ పళ్ళు కొరుకుతూనే ఉంది.

"మళ్ళీ చెబుతున్నా వినండి మాస్టారూ. ఆవిడ ఇంటికొచ్చింది నిజమే. కాపురానికి కాదు, కుట్టుమిషను కోసం. దాన్ని బండిమీద వేయించుకుని, మొగుడు చూస్తుండగానే వెళ్ళిపోయింది."

"కుట్టుమిషనా!" మాస్టారు బల్లమీద చరిచారు. "ఎవరో చెప్పిన కథ మోసుకొచ్చి నాకే వినిపిస్తున్నావా? ఇరవై ఎనిమిదేళ్ళు క్లాసులో నా పుస్తకంలోంచే చదివి చెప్పాను ఈ నవల! ఆవిడ గుమ్మం ముందు నిలబడుతుంది. 'తలుపు తీసే ఉంది.' అంతే, అదే చివరి వాక్యం. క్షమ! అదీ ఆ నవల గొప్పతనం."

"కింద సమాప్తం అని ఉందా?"

"గొప్ప రచయితలు సమాప్తం అని రాయరు. అది శైలి. నీకు తెలీదులే."

"మీ పుస్తకం ఇలా ఇవ్వండి."

ఆయన సంచిలోంచి తీసి విసురుగా బల్లమీద పడేశారు. అరిగిన అట్ట. ప్రతి పేజీలోనూ ఎర్ర గీతలు. చదవకుండా చెప్పిన మనిషేం కాదు.

ఆమె చదవలేదు. పేజీల అడుగున చూసుకుంటూ వెళ్ళింది. పదహారు పేజీలకో ఫారం. ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె. బైండరు తప్ప ఇంకెవరూ చూడని అంకె. పదకొండు. పన్నెండు. పదమూడు.

పదమూడు తర్వాత అట్ట.

లైబ్రరీ పుస్తకం తెచ్చి పక్కన తెరిచిపెట్టింది. పద్నాలుగు.

"చదవండి. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదవండి."

మాస్టారు చదివారు. రెండో పేజీలో కుట్టుమిషను వచ్చింది. చివర సమాప్తం అని పెద్ద అక్షరాలతో ఉంది.

"ఎంతమంది ఆడపిల్లలకి చెప్పారీ పాఠం?" ఆమె గొంతు లైబ్రరీ అంతా మోగింది. పేపరు చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. "నా కూతురు మీ క్లాసులోనే కూర్చుంది. మీరు ఏడిస్తే అదీ ఏడ్చింది. ఏడ్చి, నోరు మూసుకుని వాడి దగ్గరికి పోయింది. పదహారు పేజీలు తక్కువైతే ఇరవై ఎనిమిదేళ్ళలో మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

మాస్టారు లైబ్రరీ పుస్తకం మూశారు. పెన్ను మూత తీశారు. నలభయ్యో పేరు పక్కన సంతకం పెట్టారు. గది తాళంచెవి ఆమె ముందుకు జరిపారు.

"నా తప్పేముందమ్మా ఇందులో?" అన్నారు చిన్నగా. "ఏ దద్దమ్మ కుట్టాడో!"

"కుట్టినవాడెవడో దొరకనివ్వండి, చేతులు విరగ్గొడతాను."

అంటూనే ఆయన పుస్తకం అందుకుంది. వెనక అట్ట పట్టుకుని కసిగా వెనక్కి విరిచింది. పాత జిగురు పెళపెళా ఊడి కుట్టు బయటపడింది.

దారం చివర ముడి, షాపులో అందరూ వేసినట్టు కుడివైపుకి కాకుండా, ఎడమవైపుకి తిరిగి ఉంది.