కనకదుర్గ గారి సామాను

“ఈ ఇడ్లీ కుక్కర్‌కి ఎంత పెట్టమంటరు అక్కా?” వంటింట్లోంచి అడిగాడు జితేందర్.

“ఎనిమిది డాలర్లు. ఆదివారం దాకా మిగిలితే సగం.”

విజయశ్రీ హాల్లో నేల మీద కూర్చుని గాజు గిన్నెలకు ధర చీటీలు అంటిస్తోంది. షికాగో చుట్టుపక్కల పోయినవాళ్ల ఇళ్లలో సామాను అమ్మిపెట్టడం పన్నెండేళ్లుగా ఆమె వ్యాపారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక జితేందర్ వచ్చి ఆమెతో కలిశాడు. పోయిన మనిషి గురించి ఇంటివాళ్లతో మాట్లాడకూడదనేది ఆమె పెట్టుకున్న నియమం. ధరలు చెప్పాలి, ఇల్లు ఖాళీ చేయాలి, తాళం చేతికిచ్చి వెళ్లిపోవాలి.

షామ్‌బర్గ్‌లో ఉన్న ఈ ఇల్లు కనకదుర్గ గారిది. ఆవిడ పోయి ఆరు వారాలైంది. ఒక్కగానొక్క కూతురు నమ్రత ఆ ఉదయమే శాన్ రామన్ నుంచి విమానంలో వచ్చింది. వచ్చి రెండు గంటలైనా కోటు విప్పలేదు. ఏది చూపించినా ఒకటే జవాబు.

“నాకేం వద్దు ఆంటీ. సెల్ అవ్వకపోతే డొనేట్ చేసేయండి.”

పట్టుచీరలకూ అదే మాట. దేవుడి మందసానికీ అదే మాట.

మెయిల్‌బాక్స్‌లో పేరుకున్న కవర్లు తెచ్చి ఇచ్చింది విజయశ్రీ. నమ్రత ఒకటి చింపి చదివి, చెత్తలో వేయాల్సిన కాగితాల మీద పడేసింది. పైన అంత్యక్రియల సంస్థ పేరు కనిపించింది.

“అస్థికలు ఇంకా తీసుకోలేదామ్మా?” నియమం మరిచి అడిగేసింది విజయశ్రీ.

“లేదు. వాళ్లనే డిస్పోజ్ చేసేయమంటాను. ఒక ఫారమ్ సైన్ చేస్తే చాలట. అది పంపించి, ఈవెనింగ్ ఫ్లైట్‌కి వెళ్లిపోతాను.”

గిన్నె మీద చీటీ అంటించబోతున్న విజయశ్రీ చెయ్యి ఆగింది. నమ్రత అది చూసింది.

“నేను బ్యాడ్ డాటర్ అనుకుంటున్నారు కదా. నైన్ ఇయర్స్ ఆంటీ. నీల్‌ని పెళ్లి చేసుకుంటే ఈ గడప తొక్కొద్దంది. తొక్కలేదు. తర్వాత ఒక్క కాల్ లేదు. ఈ గోడల మీద నా ఫోటో ఒక్కటైనా ఉందా?”

గోడల మీద లేదు. రెండు రోజులుగా సొరుగులన్నీ సర్దిన విజయశ్రీకి వాటిలోనూ కనబడలేదు.

“గోడ మీద ఉంటే రోజూ చూడాలి. చూడలేక తీసేసేవాళ్లు కూడా ఉంటారమ్మా.” చేతిలోని చీటీల చుట్ట కింద పెట్టింది. “నువ్వు నా వెబ్‌సైట్ చూసి ఫోన్ చేశావు. కానీ మీ అమ్మ సంగతి నాకు తెలుసు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“మా మామ్ మీకు తెలుసా?”

“ఫోన్ చేయలేదన్నావు. చేసేది. పేరు మీద నొక్కితే వెంటనే వెళ్లిపోతుందని, అంకెలు ఒక్కొక్కటే నొక్కేది. తొమ్మిది నొక్కి ఆగిపోయేది. పదోది ఎప్పుడూ నొక్కలేదు.”

నమ్రత కుర్చీ అంచున కూర్చుంది.

“నువ్వు ఎత్తితే ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకునేది. మొదట ‘తిన్నావా’ అని రాసేది. బాగోలేదని కొట్టేసేది. ‘తప్పు నాది’ అని రాసేది. అది రాయగానే కాగితం మడిచేసేది. నీ పుట్టినరోజుకి పెరుగు సేమ్యా చేసేది, నీకిష్టమని.”

“నాకా?” నమ్రత కళ్లు చిట్లించింది. “నాకు గుర్తులేదు.”

“చిన్నప్పుడేమో.” విజయశ్రీ తల దించుకుంది. “నోరు జారింది తనే కాబట్టి ముందు తనే మాట్లాడాలని తెలుసు. రేపు చేద్దాం, పండక్కి చేద్దాం అనుకునేది. ఏళ్లు గడిచిన కొద్దీ మరీ కష్టమైపోయింది. ఇంతకాలం ఎందుకు చేయలేదని నువ్వు అడిగితే చెప్పడానికి జవాబు లేదుగా.”

నమ్రత కుర్చీలో ముందుకు వంగింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

“నేనైనా ఒక్కసారి చేసి ఉంటే,” అంది వేళ్ల మధ్య నుంచి.

“నీ మీద వేసుకోకు. పెద్దది తను. మొండితనం తనది. చేజేతులా పోగొట్టుకున్నానని తనకి తెలుసు.”

కాసేపటికి నమ్రత లేచి, పడేసిన కవరు వెతికి తీసుకుంది. ఫ్యూనరల్ హోమ్ ఎంతవరకు తెరిచి ఉంటుందని ఫోన్ చేసి కనుక్కుంది. ఐదు దాకానట. ఫ్లైట్ మార్చుకుంటానంది. మందసం అమ్మొద్దంది. గుమ్మం దగ్గర విజయశ్రీ చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి, తెలుగు మాట దొరక్క, గట్టిగా నొక్కి వదిలేసింది.

కారు వీధి మలుపు తిరిగేదాకా విజయశ్రీ గుమ్మంలోనే నిలబడింది.

జితేందర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “మంచి పని చేసిండ్రు అక్కా. లేకుంటే ఆ తల్లి దిక్కులేనిదైపోతుండె. ఆవిడ మీకు దోస్తని ఒక్కనాడు చెప్పలే?”

“ఆవిడని నేనెప్పుడూ చూడలేదు జితేందర్.”

“మరి ఆ తొమ్మిది అంకెలు, ఆ కాగితం, ఆ సేమ్యా... అవన్నీ ఎక్కడివి?”

విజయశ్రీ తలుపు మూసింది.

“నావే. ఆ నంబరు నా కూతురిది.”