పుత్తూరు కట్టు

“కోడికి కాలిరిగినా ఈపాటికి అతుక్కోని దిబ్బంతా కెలకతా ఉండేది. నీ ఎముక ఏందే తల్లీ, ఇంగా కొత్త పెండ్లికూతురి మాదిరి ముసుగులోనే కూర్చోనుండాది?”

చంద్రకాంతమ్మ మనవరాలిని భుజాన వేసుకొని గుమ్మంలోంచే అరిచింది. కోడలు నందిని అప్పటికే భర్త అమర్‌నాథ్ బండెక్కి కూర్చుంది. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా వెదురుబద్దలు, మందుపూతతో అట్టకట్టిన గుడ్డ, మెడకు వేలాడే తువ్వాలు. ఎవరూ ఏమైందని అడగనక్కర్లేదు. చూస్తేనే తెలుస్తుంది, పుత్తూరు కట్టు.

ఐరాలలో బస్సు ఎక్కిస్తూ అమర్‌నాథ్ అన్నాడు: “ఈ పొద్దు కట్టు ఇప్పించుకోనే రా. రేపు అమ్మ సూళ్లూరుపేటకు పోతా ఉండాది. చెల్లెలికి నెలలు నిండినాయి గదా, కదలకూడదన్నారంట. పాపను ఇంగ నువ్వే చూసుకోవాల.”

నందిని బస్సు మెట్టు మీదే ఆగింది. తల మాత్రం ఊపింది.

పాప పుట్టినప్పటి నుంచీ ఆమెకు నిద్ర లేదు. అది తల్లులందరికీ ఉన్నదే. కానీ తల్లులందరికీ ఆ మాట వినిపించదు. తొట్టి దగ్గర పాపకు నీళ్లు పోస్తుంటే ఎవరో చెవిలో చెప్పినట్టు, ‘వదిలెయ్.’ పాపను ఎత్తుకొని మిద్దె మెట్లు దిగుతుంటే మళ్లీ అదే, ‘వదిలెయ్.’ పాప మీద కోపమా అంటే కాదు. పాపకు చీమ కుట్టినా ఆమె ప్రాణం విలవిల్లాడుతుంది. మరి ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకు తెలియదు.

ఇంట్లో చెప్పుకునే సంగతి కాదది. చెబితే ‘పిచ్చి’ అంటారు. ఆ వీధిలోనే మునెమ్మకు ఆ పేరు పెట్టి పుట్టింటికి తోలేశారు. బిడ్డను మాత్రం ఇక్కడే పెట్టుకున్నారు.

చేతికి కట్టు పడ్డాక పుత్తూరు పోవడానికి వేరే సాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. పుత్తూరులో సుజన ఉంది. నందినిని బడి మానిపించిన రోజు ఆమెతో సమానంగా ఏడ్చిన స్నేహితురాలు. ఇప్పుడు రైల్వే గేటు దగ్గర మిషను కుట్టుకుంటోంది. ఆమె ఇంట్లో, ఆమె ఫోనులోనే, తిరుపతి నుంచి మానసిక వైద్యుడు గిరిప్రసాద్ నందినితో మాట్లాడతాడు. ఆయన రాసిన మందులు సుజనే తెచ్చిపెడుతుంది.

ఆరోజు సిగ్నలు సరిగా లేదు. డాక్టరు మొహం ఆగి ఆగి కదులుతోంది.

“ఆ మాత్రకు ఒకటే మత్తు సార్. పాలిచ్చేటప్పుడు గూడా తూలిపోతా ఉండాను.”

“సరే, మారుస్తాను. అందరికీ ఒకే మాత్ర, ఒకే మోతాదు కుదరదమ్మా. మీరు పాలిస్తున్నారు, అది కూడా చూడాలి. ఆ మాట ఇంకా వినిపిస్తోందా?”

నందిని తల దించుకుంది. “ఉండాది సార్.”

“కొత్త మాత్ర పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది.”

“అన్నినాళ్లా! రేపే సార్. రేపట్నించి ఇంట్లో నేనూ పాపే. బిరీన పని చేసేది ఏమన్నా ఇయ్యండి. రెండు మాత్రలు ఒకేసారి మింగేదా?”

“వద్దు! ఆ పని అస్సలు చేయకండి. ఇంట్లో చెప్పండి. కావాలంటే మీ ఆయనతో నేను మాట్లాడతాను.”

“ఆయనకు వద్దు సార్, మీకు దండం పెడతా!”

“అయితే ఎల్లుండి మీరే ఆసుపత్రికి రండి, నేనుంటాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నయమయ్యేదాకా పాపతో ఒంటరిగా మాత్రం...”

బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కలవలేదు.

సుజన ఫోను చేతిలోనే పట్టుకొని నిలబడింది. “చెప్పేయ్ నందినీ. ఎన్నాళ్లని దాస్తావు?”

“మునెమ్మ మొన్న బిడ్డను చూసేదానికి వచ్చింది. అది ఆమెను చూసి, ఎవురో అనుకోని, లోపలికి పారిపోయింది సుజనా.”

నందిని తన ఫోను తీసి ఇంటికి చేసింది.

“అత్తా... కట్టు ఇప్పుడే తీయకూడదంట.”

“ఎవురు చెప్పినారంట?”

“కట్టు కట్టేవాళ్లే. ఎముక కూడలేదంట. బిడ్డను ఎత్తకూడదంట. పాపను నీతో తీసకపో అత్తా.”

అవతల చంద్రకాంతమ్మ గొంతు లేచింది.

“పాలు మరవని బిడ్డే అది! తీసకపొమ్మనేదానికి నీకు నోరెట్ల వచ్చిందే? నువ్వు కన్నదానివేనా?”

అత్త వెనక ఎక్కడో పాప ఏడుపు అందుకుంది. నందిని రవిక రెండు వైపులా తడిసింది.

“ఊరుకో నా బంగారూ, అవ్వ ఉండాదిలే. మీ అమ్మకు చెయ్యే గాదు, గుండె గూడా ఇరిగినట్టుండాది,” అంటూ చంద్రకాంతమ్మ ఫోను పెట్టేసింది.

నందిని కట్టు ఉన్న చేతిని ముందుకు చాచింది. సుజన కళ్లు తుడుచుకొని పాత గుడ్డ విప్పింది. బద్దలు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టింది.

“ఈసారి కొంచెం వదులుగా కట్టేదా? వేళ్లు కమిలిపోయిండాయి.”

“వద్దు. ఇంగా బిగించు.”

ఎన్నడూ విరగని ఆ చేతిని, అది పాప దాకా పోకుండా, సుజన మళ్లీ బద్దల మధ్య పెట్టి గట్టిగా కట్టేసింది.