పొయ్యి పక్కన పైన్ మొక్క

"మామ్మా, మంచులో పెట్టిన నా పైన్ మొక్క లోపలికెలా వచ్చింది?"

లాప్‌లాండ్ అడవిలోని ఈ పరిశోధన కేంద్రంలో ఈ చలికాలం ఉన్నది ఇద్దరమే. సైమి విద్యార్థిని, నేను వంటమనిషిని.

"నువ్వు అడవి ఎలుకల బోనుల దగ్గరున్న మూడు రోజులూ పొయ్యి పక్కన పెట్టాను. పాపం, చలి కదా!"

"చలిలో అది పచ్చగానే ఉండి, ఆహారం చేసుకోవడం మానేసి నిద్రపోతుంది మామ్మా! నువ్వు లేపేశావు. ఇప్పుడు బయటపెడితే చస్తుంది. నా కొలతలన్నీ మళ్ళీ మొదటికి! ఎల్లుండి ఇంటికెళ్ళాల్సినదాన్ని, ఇంకో ఆరు వారాలు ఇక్కడే బందీని."

క్షమించమనబోయాను.

"అయితే శనివారాలు ఆవిరిస్నానానికి ఇద్దరమన్నమాట!" అనేశాను.

సైమి నా ముఖంలోకి చూసింది.

"నిజం చెప్పు. దానికి చలేస్తుందని తెచ్చావా, నేను వెళ్ళిపోతున్నానని తెచ్చావా?"

ఆ పిల్ల అడిగేదాకా నాకూ తెలియదు.