దుప్పటికి నాలుగు కొసలు

పొడుగక్క తన జీతం చీటీ పోగొట్టుకున్న రోజునే అది చిట్టికి దొరికింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో, ఆరిన బట్టల గుట్ట కింద, నాలుగు మడతలుగా పడి ఉంది. ఎవరిదో చూసి ఇచ్చేద్దామనే విప్పింది. కానీ కళ్ళు పేరు దగ్గర ఆగలేదు. కింది అంకె దాకా వెళ్ళాయి.

తన జీతం కంటే రెండువేల రెండువందలు ఎక్కువ.

వాళ్ళిద్దరిదీ ఒకటే పని. దుప్పటికి అటు రెండు కొసలు పొడుగక్కవి, ఇటు రెండు కొసలు చిట్టివి. దులిపి, సాగదీసి, ఒకరికొకరు ఎదురు నడిచి, కొసలు కలిపి మడత వేయాలి. రోజుకు నాలుగువందల దుప్పట్లు. ఒకరు రాని రోజున రెండోవాళ్ళు వచ్చీ రానట్టే.

చిట్టి చీటీని తన సంచిలో పెట్టుకుంది. సాయంత్రం ఇస్త్రీ ఆమెకు చూపించింది. ఇస్త్రీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

జీతాల మాట ఒకరికొకరు చెప్పుకోకూడదన్నది అక్కడి రూలు. అది నడిచినన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు తామే కాస్త నయమనుకుంటూ పనిచేసుకున్నారు. ఇప్పుడు ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చేతులవైపు చూడసాగారు. ఉతికే మిషన్ల మనిషి, ఆరబెట్టే మనిషికి తనకంటే ఎంత ఎక్కువో ఆరా తీశాడు. ఆరబెట్టే మనిషి, ఇచ్చే జీతానికి ఇంతే ఆరతాయంటూ చెమ్మబట్టలే పంపాడు. మధ్యాహ్నం అందరూ ఒక్క బల్ల దగ్గర తినేవాళ్ళు, మూలకొకరు సర్దుకున్నారు.

చిట్టి పొడుగక్క ముఖం చూడడం మానేసింది. ముఖం చూడకపోతే అడుగు కలవదు, అడుగు కలవకపోతే కొస కలవదు. వంకర మడతలని ఆసుపత్రివాళ్ళు రెండు బండ్ల దుప్పట్లు తిప్పి పంపారు.

"నామీద ఏమన్నా కోపమా చిట్టీ?" అంది పొడుగక్క.

"నాకేం కోపమక్కా. నువ్వు పొడుగు, నేను పొట్టి. నీ ఎత్తు అందక ఇటు జారుతోంది."

"మొన్నటిదాకా పొట్టిదానివి కాదూ?"

ఇస్త్రీ ఆమె నవ్వింది. చిట్టి నవ్వలేదు.

మర్నాడు చిట్టి ఆ చీటీ తీసుకుని సూపర్‌వైజరు గదికి వెళ్ళింది.

"ఒకే దుప్పటి, ఒకే బరువు. ఆమెకో జీతం, నాకో జీతమా సార్? ఒక కంట వెన్న, ఒక కంట సున్నమా?"

ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. అది ఆమె చేతికెలా వచ్చిందని అడగలేదు. పేరు బయటికి రానివ్వనన్నాడు. పైవాళ్ళకు రాసి నెలాఖరుకల్లా ఇద్దరికీ సమానం చేయిస్తానని మాటిచ్చాడు.

చిట్టి ఆ డబ్బును అక్కడే మనసులో ఖర్చు పెట్టేసింది. బడిలో బోర్డు కనబడక కూతురు రోజూ మొదటి బెంచీలో చోటుకోసం పోట్లాడుతోంది. ముందు దానికి కళ్ళజోడు.

నెలాఖరున చిట్టి చీటీలో పాత అంకే ఉంది. ఇదేమిటని అడగడానికి లేస్తుంటే పొడుగక్క వచ్చి పక్కన కూర్చుంది.

"నా జీతం కోసేశారు చిట్టీ. ఒకే పనికి రెండు జీతాలేంటని ఎవరో ఫిర్యాదు చేశారట. ఇద్దరికీ సమానం చేశామంటున్నారు."

చిట్టి తన చీటీని నాలుగు మడతలు పెట్టింది.

"అది ఐదేళ్ళు నిండినవాళ్ళకిచ్చే భత్యం. ఈ ఆవిర్లో, ఈ సోడా వాసనలో ఐదేళ్ళు నిలిచిందెవరు, నేను తప్ప? ఎవరికీ చెప్పొద్దని మరీ ఇచ్చారు. నీకు వచ్చే నెల పదో తారీకుకి నిండుతాయి. నీకూ వస్తుందని తెలిసీ చెప్పలేక ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నా. ఇప్పుడసలు ఆ భత్యమే ఎత్తేశారు. నాది పోతే పోయింది. పిల్ల కళ్ళజోడుకి పనికొచ్చేది నీకు."

పొడుగక్క ఊరుకోలేదు. తానే సూపర్‌వైజరుతో మాట్లాడి వచ్చింది. ఫిర్యాదు ఎవరిదో ఆయన చెప్పలేదు గానీ, వాళ్ళే వెనక్కి తీసుకుంటే భత్యం తిరిగి ఇప్పిస్తానన్నాడు. శనివారం దాటితే పైవాళ్ళు వినరన్నాడు. ఆమె భత్యం తిరిగి ఇమ్మని అర్జీ రాసి లాండ్రీలో అందరి దగ్గరికీ తిరిగింది. నెల రోజులుగా ముఖాలు తిప్పుకున్నవాళ్ళు ఒకరి కలం ఒకరు అందుకుని సంతకాలు పెట్టారు. ఇస్త్రీ ఆమె పెట్టి, చిట్టివైపు ఒక్కసారి చూసి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

చిట్టి కూడా పెట్టింది. పెట్టాక చూసింది, కాగితం అడుగున విడిగా ఒక గీత ఉంది.

"ఇది ఎవరికక్కా?"

"ఫిర్యాదు చేసినవాళ్ళకి. తెలియక చేసుంటారు పాపం. నేనేమీ అడగను. కాగితం ఆ గోడకి తగిలిస్తా. ఎవరూ లేనప్పుడు వచ్చి పెట్టుకుంటారు."

శనివారం సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి గోడమీది కాగితం తీసుకున్నాడు. దానిమీద ఎనిమిది సంతకాలు ఉన్నాయి. చిట్టిది చివరిది. అడుగున ఉన్న గీత మీద ఎవరూ సంతకం పెట్టలేదు.