మూత ఎవరిది?

"ఈ పంపకం మీవల్ల కాదు మాస్టారూ! కోర్టుకే పోతాం!" ఏసుపాదం బల్ల గుద్దాడు. కాఫీ గ్లాసు ఎగిరిపడింది.

శ్రీరామచంద్రమూర్తిగారు చలించలేదు. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని, "కూర్చో. ముందు హన్నా చెప్పేది విందాం. నీ వంతు తరవాత" అన్నారు.

భవానీపురంలో ఆయన ఇంట్లో నెలనెలా మొదటి ఆదివారం జరిగే తంతు ఇది. కంకిపాడు బళ్ళో ఆయనతో కలిసి పనిచేసిన సొలొమోను మాస్టారు వీలునామా రాసి పోయారు. మూడెకరాల పొలం, పెంకుటిల్లు, సామాను కొడుకు ఏసుపాదం, కూతుళ్ళు హన్నా, రూతు సమానంగా పంచుకోవాలి. పంచి ఇవ్వాల్సింది మూర్తిగారు. కాగితం మీద ఆయన హోదా 'ఎగ్జిక్యూటరు'. ఆ మాట పెద్దక్షరాలతో రాయించి గుమ్మం పక్కన బోర్డు కూడా కట్టుకున్నారు.

మూడెకరాలు, ముగ్గురు. ఒకటో తరగతి లెక్క. రెండేళ్ళయినా తెగలేదు.

కాలవ పక్క ఎకరం నాకంటే నాకని అన్నాచెల్లెళ్ళు అరుచుకున్నారు. అది సర్దేసరికి రేడియో. రేడియో తేలేసరికి ఇత్తడి గుండిగ. గుండిగ రూతుకని ఆయన తీర్మానం రాస్తే, "మరి మూతో?" అంది హన్నా. మూత మీద మూడు నెలలు నడిచింది.

ముగ్గురూ ఒక్కటయ్యేది ఆయన్ని దులిపేటప్పుడే. "మీరు అన్నయ్య పక్షం" అనేది రూతు. "ఆడపిల్లల కన్నీళ్ళకి కరిగిపోయారు" అనేవాడు ఏసుపాదం. ప్రతి మాటా ఆయన నోటుపుస్తకంలో రాసుకునేవారు. నాలుగు పుస్తకాలు నిండాయి. తగవులో ఉన్న చెట్టు కొబ్బరికాయలు, తగవులో ఉన్న పెరటి వంకాయలు సాక్ష్యమంటూ తెచ్చి ఆయన వంటింట్లో పడేసి పోయేవారు. జై ఆంధ్రా గొడవల్లో బస్సులు ఆగిపోయినా వాయిదా తప్పలేదు. ముగ్గురూ ఒకే ఎడ్లబండిలో వచ్చి, దిగీ దిగగానే మొదలుపెట్టారు.

"నేనే లేకపోతే వీళ్ళు ఈపాటికి తలకాయలు పగలగొట్టుకునేవాళ్ళు" అనేవారు మూర్తిగారు ఎదురింటివాళ్ళతో. అనేటప్పుడు మొహం వెలిగిపోయేది. శనివారం నుంచే హడావిడి. బల్ల తుడిచేవారు, కుర్చీలు సర్దేవారు, కాఫీపొడి ఆడించి తెచ్చేవారు. భార్య పోయాక ఆ ఇంట్లో నాలుగు గ్లాసులు కడగాల్సి వచ్చేది ఆ ఒక్క రోజే.

ఆ చలికాలంలో ఒకనాడు ఆయనకి గుండెల్లో పట్టేసినట్టయింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. మూర్తిగారికి భయం వేసింది. చావుకి కాదు. తను పోతే ఈ ముగ్గురూ కోర్టుకెక్కి ఆస్తంతా ప్లీడర్లకి ధారపోస్తారు. పైన స్నేహితుడికి ఏం మొహం చూపించాలి?

మూడు రోజులు కూర్చుని ఆఖరి తీర్మానం రాశారు. గుండిగకి, మూతకి విడివిడిగా పేరాలు పెట్టారు. ఇక హద్దులు తనే కొలిచేద్దామని టేపు జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బుధవారం కంకిపాడు బస్సెక్కారు.

పొలం దగ్గరికి వెళ్ళి నిలబడిపోయారు. మూడెకరాల మధ్య రెండు గట్లు. కొత్తవి కావు. గట్టిపడి, గడ్డి పట్టి ఉన్నాయి. ఒక చెక్కలో మినుము, ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో చెరకు.

"ఏం మాస్టారూ, ఇటొచ్చారు?" పక్క పొలం సంజీవరావు పలకరించాడు.

"ఈ గట్లు ఎవరు వేశారయ్యా?"

"ఇంకెవరండీ, ముగ్గురూ కలిసే వేసుకున్నారు. వాళ్ళ నాన్నగారు పోయాక నెల తిరక్కుండానే పంచేసుకున్నారుగా. కాలవ పక్కది చిన్నపిల్లకే వదిలేశారు పెద్దాళ్ళిద్దరూ. ఒక్క మాట పెరగలేదంటే నమ్మండి."

మూర్తిగారు కళ్ళజోడు తుడుచుకుని గట్లకేసి మళ్ళీ చూశారు. "మరి నెలనెలా మా ఇంటికొచ్చి ఆ రంకెలేమిటి? రెండేళ్ళుగా నన్ను వెధవని చేస్తున్నారా?"

సంజీవరావు తెల్లబోయాడు.

"'పంపకం తెమిలిపోతే మూర్తిగారి గడప ఇంకెవరూ తొక్కరు, ఎంతకీ తెమలనివ్వకండర్రా' అని సొలొమోను మాస్టారు పోయేముందు ముగ్గురిచేతా బైబిలు మీద చెయ్యి వేయించారు కదండీ, మీకు చెప్పలేదా?"