ఇంటి దుబాసీ

ఐరోపాలో జానెడు దేశం, దానికి మూడు భాషలట. పోదామని నేననగానే నాన్న మూడింటిలోనూ పలకరింపులు బట్టీపట్టి, అద్దం ముందు పళ్లికిలిస్తున్నాడు.

“స్వెట్టర్లు సర్దమని మీ అమ్మకు చెప్పవే” అన్నాడు నాతో. అమ్మ పక్కనే ఉంది.

“సర్దేశానని మీ నాన్నకు చెప్పు” అంది.

ఇద్దరికీ మాటల్లేక పదేళ్లు. దేనికి అలిగారో వాళ్లకే గుర్తులేదు. ఒకరి తెలుగు ఇంకొకరికి తెలుగులోనే చేరవేసి చేరవేసి నా నోరు అరిగిపోయింది.

“అక్కడ మనకో దుబాసీ ఉండాలేమో!” అన్నాడు నాన్న.

టికెట్లు బల్లమీద పడేశాను. “రెండే తీశాను. మీరిద్దరే వెళ్తున్నారు.”

నాన్న మొహం మాడిపోయింది. దిక్కుతోచక అమ్మవైపు తిరిగి నోరు తెరిచాడు. బట్టీపట్టిన పరాయి పలకరింపుల్లో ఒకటి ఊడిపడింది.

అమ్మ నావైపు తిరిగింది. “ఏమంటున్నాడే మీ నాన్న?”