పైలి ఇంటి పెసహా

పక్కింటి వర్కీ భార్య అరిటాకు కప్పిన పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గుడ్ ఫ్రైడేకి ముందురోజు రాత్రి పెసహా. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది పెసహా అప్పం వండరు, ఇరుగుపొరుగే తెచ్చిపెట్టాలి. అప్పం మీద కొబ్బరాకు సిలువ, పక్కన బెల్లంపాల గిన్నె. అప్పాన్ని విరిచి అందరికీ పంచవలసింది ఇంటిపెద్ద. కిందటేడు దాకా అది పైలి పని. ఆగస్టు వానల్లో పైలి పోయాడు. ఇప్పుడు ఇంటిపెద్ద ఆయన కొడుకు దేవస్య.

దేవస్య అప్పం మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశాడు. తల్లి త్రేసియామ్మ, భార్య లిల్లీ, పదహారేళ్ళ కూతురు సోఫియా అతని వైపే చూస్తున్నారు. లిల్లీ, సోఫియాల చూపుల్లో భక్తి కన్నా బెదురే ఎక్కువ. ఇన్నేళ్ళూ ఈ ఇల్లు అతని అరుపులకే నడిచింది.

పైలి తీరు వేరు. యేసు శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా పెసహా నాడు పాదాలు కడగడం చర్చిలో ఫాదర్‌గారి పని. పైలి ఇంట్లోనూ కడిగేవాడు. గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని, తువ్వాలు భుజాన వేసుకుని కింద కూర్చుని, ముందు భార్యవి, ఆ తరవాత కొడుకువి. మిగతా రోజులూ అంతే. త్రేసియామ్మకు జ్వరమొస్తే గంజి కాచేదీ, ఆమె బట్టలు వాగులో జాడించేదీ ఆయనే. దేవస్యకు పదేళ్ళొచ్చేదాకా వానాకాలమంతా భుజాల మీద ఎక్కించుకుని, వాగు దాటించి బడిలో దించిందీ ఆయనే. మిరియాలు కోసే కూలీలు "త్రేసియామ్మ పాలేరు" అని నవ్వుకునేవారు. ఆ మాట చెవిన పడ్డా పైలి వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు. తలవంపులు దేవస్యకే.

పంతొమ్మిదో ఏట అతను ఎవరికీ చెప్పకుండా పాలా అనే ఊరు వెళ్ళాడు. తండ్రి అన్నదమ్ములకు అక్కడ రబ్బరు తోటలున్నాయి. తన తండ్రి ఒక్కడే ఒట్టి చేతులతో ఈ వయనాడ్ కొండలకు ఎందుకొచ్చాడో తేల్చుకోవాలనుకున్నాడు. పెదనాన్న అతన్ని అరుగైనా ఎక్కనివ్వలేదు. పైలికి ఇక్కడ వాటా లేదన్నాడు. కాస్త ఆగి, నీకసలే లేదు పొమ్మన్నాడు.

ఉడికిపోతూ ఇల్లు చేరేసరికి ఆ వేళ పెసహా. పైలి చెంబుతో వచ్చి ఎదురుగా కూర్చోగానే దేవస్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"మగాడివైతే నీ వాటా నువ్వు తెచ్చుకునేవాడివి అప్పచ్చా. ఆడవాళ్ళ కాళ్ళు కడుగుతూ కూచునేవాడికి ఇల్లు నడపడం ఏం తెలుస్తుంది? నీ రక్తం నా ఒంట్లో ఉందంటే నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను."

పైలి చెంబులో వేలు ముంచి చూశాడు.

"నీళ్ళు చల్లారిపోతున్నాయిరా" అన్నాడు.

ఆ తరవాత ఇరవై రెండేళ్ళు, ప్రతి పెసహాకీ, ఆయన చెంబుతో వచ్చి కొడుకు ముందు కాసేపు కూర్చునేవాడు. దేవస్య కాళ్ళు ముడుచుకునే ఉండేవాడు. పైలి చెంబు తీసుకుని పక్కకు జరిగేవాడు, సోఫియా పుట్టాక మనవరాలి దగ్గరికి. కిందటేడు మోకాళ్ళు వంగక, గోడ పట్టుకుని కూలబడినట్టు కూర్చున్నాడు. అప్పుడైనా కాళ్ళు చాపవలసింది. చాపుదామనే అనుకున్నాడు దేవస్య. ఇన్నాళ్ళ పంతం కూతురి ముందు పోతుందని ఊరుకున్నాడు.

వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడు.

దేవస్య బల్ల దగ్గర నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళు కాచే గిన్నె ఎక్కడుంటుందో తెలియక వెతుకుతుంటే లిల్లీ కంగారుగా వెనకే వచ్చింది. నువ్వు వెళ్ళి కూచో, నేను చూసుకుంటాను అన్నాడు. అతను అంత నెమ్మదిగా మాట్లాడటం కొత్త కావడంతో ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

నీళ్ళు తెచ్చి, తల్లి ముందు కింద కూర్చున్నాడు. ఆమె మడమలు బీటలువారి ఉన్నాయి. ఎలా పట్టుకోవాలో కూడా అతనికి తెలియలేదు. సగం నీళ్ళు నేల మీదే పోయాయి. సోఫియా వచ్చి పక్కన కూర్చుని చెంబు అందుకుంది. తండ్రికి అంత దగ్గరగా ఆ పిల్ల కూర్చుని ఎన్నాళ్ళయిందో.

"అమ్మచ్చీ," అన్నాడు దేవస్య తలెత్తకుండానే. "ఆ వేళ నేనన్న మాట... అదే, రక్తం మాట. అప్పచ్చన్ మనసులో పెట్టుకున్నాడా?"

త్రేసియామ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజే నీకు చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. తను ఉన్నన్నాళ్ళూ నోరు విప్పనని నా చేత సిలువ మీద ఒట్టు వేయించుకున్నాడు. వాడి కోపం నా మీదే కదా, పోనీలే అన్నాడు."

"ఏం చెప్పాలని?"

ఆమె తడి పాదాన్ని అతని చేతుల్లోనే ఉంచి, వంగి కొడుకు తల నిమిరింది.

"ఆయన నన్ను మొదటిసారి చూసేనాటికి నీకు రెండేళ్ళు."